దవడ వదిలేయండి

మనిషి నాలుకంత అసహ్యమైన వస్తువు ఈ లోకంలో ఇంకోటి లేదు. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. పళ్ళ డాక్టరు దగ్గర పని చేస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం నా ముందు నోళ్ళు తెరుచుకుని పడుకుంటారు, నేను ఉమ్ము పీల్చే గొట్టం పట్టుకుని పక్కన నిలబడతాను. పాచి, పుచ్చు, చీము, నిన్న తిన్న తిండి, అన్నీ నా కళ్ళ ముందే. ఇంటికొచ్చి మోచేతుల దాకా సబ్బేసి కడుక్కుని, హమ్మయ్య, ఇవాళ్టికి నోళ్ళ పీడ వదిలింది అనుకునేసరికి ఫోన్ మోగుతుంది. రిహార్సల్. తెర నిండా గళ్ళు, గడికో నోరు.

మా నాటక బృందానికి ఇదివరకు సొంతంలాంటి హాలు ఒకటుండేది. దాన్ని సోఫాలమ్మేవాడు గోడౌనుకి తీసుకున్నాడు. అదే సమయంలో మా దర్శకుడికి వేరే ఊరు బదిలీ అయింది. అప్పట్నుంచి ఎవరి గదిలో వాళ్ళం ఫోన్లో వీడియో కాల్ పెట్టుకుని, దాని ముందు నిలబడి రిహార్సల్ చేస్తున్నాం. ప్రదర్శన దగ్గర పడ్డాక మాత్రం ఒకచోట చేరతాం. సరే, కాలం అలా ఉంది, డైలాగులు చెప్పుకుని పడుకుంటే పోయేది. కానీ మా దర్శకుడు ఎక్కడికో శిక్షణకి వెళ్ళొచ్చాడు. వచ్చినప్పట్నుంచి డైలాగు జోలికి పోవాలంటే ముందు ఒంటికి వార్మప్, తరవాత గొంతుకి వార్మప్. మాటకి ముందు ఊపిరి, మాటకి వెనక ఊపిరి, మధ్యలో టీ తాగినా ఊపిరి. మేం చాటుగా ఆయన్ని ఊపిరి సార్ అంటాం.

ఆ వార్మప్ ఎలా ఉంటుందో చెప్తాను, భోంచేసి ఉంటే కాస్సేపాగి చదవండి. మొదట మెడ తిప్పడం, భుజాలు ఎగరెయ్యడం, రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని ఒక్కసారిగా వదిలెయ్యడం. ఇంతవరకూ పర్వాలేదు. తరవాత రెండు అరచేతులతో చెంపలు కిందికి లాక్కుంటూ, "దవడ వదిలేయండి. వేలాడాలి. అది మీ దవడ కాదనుకోండి" అంటాడు. నోళ్ళు వెళ్ళబెట్టి అందరం వేలాడతాం. తరవాత పెదాలు బుర్రుమనిపించాలి. తుంపర్లు వెళ్ళి కెమెరా మీద పడతాయి, ఎవరూ తుడవరు. ఆఖర్న నాలుక. గడ్డం దాకా లాగాలట. "ఇంకా, ఇంకా, వేరు కదలాలి" అంటూ ఊపిరి సార్ తన నాలుకని తెచ్చి ఫోనుకి ఆనిస్తాడు. తెల్లటి పూత, మధ్యలో గీత, వెనకాల వణుకుతూ కొండనాలుక. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటాను కదా, ఆ తడి చప్పుడు నా తలలోనే ఎవరో చప్పరిస్తున్నట్టుంటుంది. ఛీ.

ఇంకో సంగతి చెప్పాలి. అందరం ఒకేసారి గొంతెత్తితే ఫోన్లలో శబ్దాలు ఒకదాని మీదొకటి పడి గోలైపోతుంది. అందుకని వార్మప్ మొదలవగానే ఊపిరి సార్ అందరి మైకులూ ఆపేస్తాడు. ఆపడమంటే మామూలుగా కాదు, మనం తెరుద్దామన్నా తెరుచుకోవు, తాళం ఆయన దగ్గరే ఉంటుంది. ఆయన గొంతొక్కటే మాకు వినబడుతుంది. మా అరుపులు ఆయనకి వినబడవు, మా ఇంట్లోవాళ్ళకి వినబడతాయి.

"అమ్మాయ్, ఒంట్లో బాగాలేదా? ఈనబోయే గేదెలా ఆ మూలుగేమిటి?" అంది మా అత్తగారు మొదటిరోజు, తలుపు తోసుకొచ్చి.

"గొంతు సాధన అత్తయ్యా."

"సాధనో బాధో, ఆ తలుపేసుకుని ఏడు" అని వెళ్ళిపోయింది. ఆవిడదేం తప్పు లేదు.

ఇంత అసహ్యంలో నాకు కళ్ళు పెట్టుకోవడానికి ఒక్క చోటుండేది. అది మా బాబాయి గడి. మా నాన్నకి తమ్ముడు. పెళ్ళీ పెటాకులూ లేవు, అచ్చుయంత్రాల మధ్య బతికి రిటైరయ్యాడు, ఇప్పుడొక మేడమీది గదిలో ఒక్కడే ఉంటాడు. నన్ను స్టేజీ ఎక్కించిందీ, మాట పలకడం నేర్పిందీ ఆయనే. ఆయనకీ వార్మప్‌కీ పడదు. "గ్లాసుడు వేడినీళ్ళు తాగుతా, గట్టిగా దగ్గుతా, స్టేజీ ఎక్కుతా. అదే నా వార్మప్" అనేవాడు. ఊపిరి సార్ నాలుకలు బయటపెట్టించగానే బాబాయి ఫోన్‌ని వెల్లకిలా పడేసి కుర్చీలో కూర్చునేవాడు. ఆయన గడిలో మాకు ఫ్యాను కనబడేది. నిమ్మళంగా, శుభ్రంగా తిరుగుతుండేది. నేను నాలుక బయటపెట్టి ఆ ఫ్యాన్నే చూస్తుండేదాన్ని.

మేం వేస్తున్న నాటకంలో బాబాయిది తండ్రి పాత్ర. కొడుకు నకిలీ మందులమ్మి మేడ కడతాడు. చివరి సీన్లో తండ్రి ఆ మేడంతా తిరిగి చూసి, గుమ్మంలో ఆగి, "ఛీ" అంటాడు. అంతే. తెర పడిపోతుంది. ఆ ఒక్క మాట బాబాయి అంటే హాల్లో దగ్గేవాడు కూడా దగ్గు ఆపుకుంటాడు. అసలాయన పుట్టుకే ఆ మాటతో అనుకోండి. టీలో పంచదార ఎక్కువైతే ఛీ, పేపర్లో అచ్చుతప్పు కనిపిస్తే ఛీ, నా పెళ్ళిఫొటోలు చూసి కూడా ఛీ. ఏ ఛీకి ఆ ఛీ వేరు.

ఆ పాత్ర మీదే ఊపిరి సార్ కన్నేశాడు. ఒకరోజు రిహార్సలయ్యాక నన్నొక్కదాన్నీ ఆగమన్నాడు.

"మేడమ్, మీ బాబాయిగారికి చెప్పండి. నేను ఫ్యానుని డైరెక్ట్ చెయ్యడం లేదు. ఆయన దవడ బిగుసుకుపోయింది. ఈ ఆదివారం అందరితోపాటు వార్మప్ చేస్తే చేశారు, లేకపోతే ఆ పాత్ర ఏజెంటు గారికిచ్చేస్తాను."

ఏజెంటంటే మా బృందంలో ఇన్సూరెన్సు చేయించే ఆయన. ఆ పాత్ర కోసం ఎప్పట్నుంచో కాచుక్కూర్చున్నాడు. వార్మప్‌లో ఆయన నాలుకే అందరికంటే పొడుగు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఆ పాత్ర లేకపోతే బాబాయికి ఇంకేముంది? పొద్దున లేస్తే ఆ డైలాగులే చెప్పుకుంటూ డాబా మీద తిరుగుతాడు. పాత్ర తీసేశారంటే మంచం పట్టేస్తాడు. మింగలేక కక్కలేక ఫోన్ చేశాను.

"బాబాయ్, ఈ ఒక్కసారికీ చెయ్యి."

"ఏం చెయ్యమంటావే? కుక్కలా నాలుక వేలాడేసుకోమంటావా?"

"మేమందరం వేలాడెయ్యట్లేదూ?"

"చూస్తున్నాగా. ఫ్యాను గనక తట్టుకుంటోంది, మనిషైతే వాంతి చేసుకునేది."

"పాత్ర తీసేస్తానంటున్నాడు బాబాయ్."

అవతల కుర్చీ కిర్రుమంది. తరవాత, "ఎవరికిస్తాడట?" అన్నాడు.

"ఏజెంటుకి."

"వాడికా! వాడు ఛీ అంటే తుమ్మినట్టుంటుందే!"

"అందుకే చెయ్యమంటున్నా. నా కోసం."

"ఏడ్చినట్టుంది" అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టు.

ఆదివారం పొద్దున తెర మీద గళ్ళు ఒక్కొక్కటే వెలిగాయి. బాబాయి గడిలో ఫ్యాను లేదు. బాబాయే ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గుండీలు మాత్రం ఒకటి తప్పి పెట్టుకున్నాడు, కాలరు ఒక పక్క పైకి లేచి ఉంది. కోపంతో చెయ్యి తిరగలేదు కాబోలు అని నవ్వుకున్నాను.

"ఆహా, ఇన్నాళ్ళకి దర్శనమిచ్చారు!" అన్నాడు ఊపిరి సార్. బాబాయి ఏమీ అనలేదు, తలూపాడు. పలక్కపోవడం కూడా కోపమే అనుకున్నాను. మైకులు ఆగిపోయాయి.

"చేతులు పైకి."

అందరం ఎత్తాం. బాబాయి కుడిచెయ్యి లేచింది. ఎడమచెయ్యి భుజం దాకా వచ్చి, గాల్లో కాస్త తచ్చాడి, కిందికి జారిపోయింది.

"అదీ! ఆ చెయ్యి చూడండి. బరువంతా భూమికి ఇచ్చేశారు. మీరంతా ఇంకా బిగబట్టుకునే ఉన్నారు" అన్నాడు ఊపిరి సార్.

బాబాయి తన చెయ్యి వంక ఎవరిదో వస్తువు చూసినట్టు చూసుకున్నాడు.

"ఇప్పుడు దవడ వదిలేయండి."

బాబాయి ముఖం జారింది. ఒక పక్కే జారింది. ఊపిరి సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "అద్భుతం! అందరూ ఆపి ఆయన్ని చూడండి. దవడ వదిలెయ్యడమంటే ఇదీ. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారు సార్ దీన్ని?" అని ఏదో నొక్కాడు. మిగతా గళ్ళన్నీ మూలకి పోయి, తెర నిండా బాబాయి ముఖం ఒక్కటే మిగిలింది. "నాలుక కూడా వదిలేయండి సార్."

నేను మామూలుగా అయితే కళ్ళు తిప్పేసుకునేదాన్ని. తిప్పుకుందామంటే చోటు లేదు. నాలుక బయటికొచ్చింది. సూటిగా రాలేదు, ఒక మూలకి ఒరిగిపోయింది. ఆ మూల నుంచే ఉమ్ము తీగలా సాగి చొక్కా మీద పడింది. ఆయన తుడుచుకోలేదు. మూలనున్న గళ్ళలోంచి చప్పట్ల బొమ్మలు ఎగిరాయి. ఏజెంటు ఎర్ర గుండె బొమ్మ పంపించాడు.

మా క్లినిక్కులో పన్నుకి మత్తు సూది వేశాక పుక్కిలించమంటాం. నీళ్ళు ఒక పక్క నుంచి కారిపోతాయి, వాళ్ళకి తెలియదు. మూతి సగం వాళ్ళది, సగం ఎవరిదో అన్నట్టుంటుంది. రోజూ చూసే మూతే. కానీ బాబాయి ఏనాడూ పళ్ళ డాక్టరు గుమ్మం తొక్కిన మనిషి కాదు. మరి ఆ సూది ఎవరేశారు?

"సార్, ఆపండి! బాబాయికేదో అవుతోంది!"

మైకు లేదు. నొక్కాను, తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కాను. రెండు చేతులూ ఊపుతూ ఫోను ముందు గంతులేశాను.

"చూశారా, ఆయన్ని చూసి మేడమ్‌లో కూడా కదలిక వచ్చింది. బాగుంది మేడమ్! ఇంకా పెద్దగా! కడుపులోంచి!"

"ఆపరా వెధవా! మనిషి పోతున్నాడు!" అని గొంతు చించుకున్నాను.

"అదీ!" అన్నాడు.

ఊపిరి సార్ రెండు బొటనవేళ్ళూ పైకెత్తి నాకు చూపించాడు. ఆ క్షణాన నాకు కలిగిన అసహ్యానికి పేరు లేదు. పుచ్చిపోయిన పంటి కింద చీము కూడా ఇంకా నయం.

మా అత్తగారు పరిగెత్తుకొచ్చింది. "ఎవర్నే వెధవా అంటున్నావు?" ఆవిడ వెనక మా ఆయన. రిహార్సల్ కట్ చేసి, బాబాయి ఇంట్లో కింద వాటా ఆంటీకి ఫోన్ చేశాను. నంబరు రెండుసార్లు తప్పాను.

"ఆంటీ, పైకెళ్ళి బాబాయిని చూడండి, త్వరగా!"

"ఏమైందమ్మా? ఇప్పుడే ఏదో దొర్లిన చప్పుడైంది గానీ నేను పట్టించుకోలేదు. మీ బాబాయిగారే చెప్పారు, ఇవాళ పైనుంచి వింత చప్పుళ్ళొస్తాయి, నాటకం గోల, పట్టించుకోవద్దని."

సిగ్గుపడి ముందే చెప్పి పెట్టుకున్నాడన్నమాట. నేను చెయ్యమన్న పనికి.

ఆవిడ మెట్లెక్కుతున్న చప్పుడు, తరవాత ఆవిడ కేక, రెండూ ఫోన్లో విన్నాను. అంబులెన్సుకి చెప్పి, మా ఆయన స్కూటరు మీద వెళ్ళాం. వీధులు రెండే, అయినా ఎంతకీ తరగవు. మేం వెళ్ళేసరికి బాబాయి నేలమీద ఒక పక్కకి పడి ఉన్నాడు. ఆంటీ ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను గుర్తుపట్టాడు. ఏదో అనబోయాడు, గాలి తప్ప ఏమీ రాలేదు.

బల్లమీద ఫోన్ ఇంకా నీళ్ళ కూజాకి ఆనించే ఉంది. లోపల్నుంచి ఊపిరి సార్ గొంతు మెత్తగా వస్తోంది. "కళ్ళు తెరవద్దు. ఎవరినీ చూడొద్దు. నాలుక బయటే ఉండనివ్వండి. ఊపిరి వదలండి." ఆంటీ ఆ ఫోన్ ముందు నిలబడి కాపాడండి కాపాడండి అని అరిచిందట. చూసిన వాడు లేడు. గడి గడిలో కళ్ళు మూసుకున్న ముఖాలు, కిందికి వేలాడుతున్న నాలుకలు. ఊపిరి సార్‌దీ, ఏజెంటుదీ, అందరివీ. చావు పక్కన నిలబడి నాలుకలు బయటపెట్టిన మనుషుల్ని నేను ఈ జన్మలో మళ్ళీ చూడను, చూడకూడదు కూడా. ఫోన్ బోర్లా పడేశాను.

మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. వేళకి తెచ్చారు కాబట్టి ప్రాణం నిలబడిందన్నారు. కాలు ముందు తేరుకుంది, చెయ్యి మెల్లగా కదలసాగింది. మాట మాత్రం రాలేదు. "మాట సంగతి ఇప్పుడే చెప్పలేం" అన్నాడు డాక్టరు. బాబాయి ఆ మాట విని కళ్ళు మూసుకున్నాడు. ప్రాణం దక్కినందుకు ఆయన మొహంలో ఏ సంతోషమూ కనిపించలేదు.

ఊపిరి సార్ ఫోన్ చేశాడు. "అయ్యో పాపం. నాకెలా తెలుస్తుంది మేడమ్? అంత బాగా చేశారు మరి" అన్నాడు. "రికార్డింగు మళ్ళీ చూశాను. విషాదం సంగతి పక్కన పెడితే, ఆ ముఖం వదిలెయ్యడం మాత్రం..." అంటుండగా పెట్టేశాను. మర్నాడు ఏజెంటు చేశాడు. పరామర్శకనుకున్నాను. పాత్ర తనకొచ్చిందట, బాబాయి ఛీ అన్న పాత వీడియో ఏదైనా ఉంటే పంపమని. నేను ఏమన్నానో ఇక్కడ రాయలేను, మా అత్తగారు చెవులు మూసుకుంది.

బాబాయిని మా ఇంటికే తెచ్చుకున్నాం. మాట నేర్పడానికి ఒక అమ్మాయి వచ్చేది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, నవ్వుతూ, "తాతగారూ, చెంపలు ఉబ్బించండి. పెదాలు బుర్రుమనిపించండి. ఏదీ, నాలుక గడ్డం దాకా లాగండి" అంది.

నేనూ బాబాయీ ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. అచ్చంగా అదే. ఒక్క ముక్క తేడా లేదు. బాబాయి తల వెనక్కి వాల్చి, మా ఇంటి ఫ్యాను చూడ్డం మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి ఎంత బతిమాలినా కిందికి చూడలేదు. వెళ్తూ వెళ్తూ, "ఇది చెయ్యకపోతే ఉన్న పలుకు కూడా పోతుంది. మీరైనా చేయించండి" అని నాతో అంది.

ఖర్మ అంటే ఇదే. రోజూ పనినుంచి వచ్చి చేతులు కడుక్కుని ఆయనకెదురుగా కూర్చునేదాన్ని. ముందు నేనే దవడ వదిలేసేదాన్ని, నేనే నాలుక బయటపెట్టేదాన్ని. ఆయన ఫ్యాను చూసేవాడు. నేను అలాగే నాలుక వేలాడేసుకుని కూర్చునేదాన్ని, గడ్డం తడిసిపోయేది. చివరికి ఒకరోజు నామీద జాలేసిందో, రోతే పుట్టిందో, కిందికి చూసి నోరు తెరిచాడు. వంకర నాలుక, పాచి పట్టిన నాలుక. గొట్టం లేదు, గ్లవుజులు లేవు. కారినదంతా నా చేత్తోనే తుడిచాను. ఆ, ఊ, అంతకు మించి వచ్చేది కాదు. ఒక్క మాట వస్తే చాలు, ఏ మాటైనా సరే అనుకునేదాన్ని.

ఓ సెలవురోజు నేను బాబాయికి గడ్డం తుడుస్తుంటే మా అత్తగారు నా ఫోన్ పట్టుకుని వచ్చింది. "మీ నాటకం వాళ్ళటమ్మా, ఈయన్ని చూస్తారట" అని, నేను వద్దనేలోగా దాన్ని బాబాయి ముందు మందుసీసాలకి ఆనించేసింది. తెర నిండా గళ్ళు. మధ్యలో ఊపిరి సార్.

"బాబాయిగారూ! ఇవాళ వార్మప్ మీ కోసమే చేస్తున్నాం. మా అందరి ఊపిరీ మీకిస్తాం. మీ మైకొక్కటి తెరిచే ఉంచాను. ఏదీ, నాతోపాటు దవడ వదిలేయండి" అని నాలుక తెచ్చి ఫోనుకి ఆనించాడు. అదే తెల్ల పూత, అదే గీత. చుట్టూ గళ్ళలో మిగతావన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి.

బాబాయి చూశాడు. ఫ్యాను వైపు తిరగలేదు, ఆ నాలుకలన్నిట్నీ ఒక్కొక్కటే చూశాడు, చివరి సీన్లో ఆ మేడ గదులు చూసినట్టు. ఎడమపక్క పెదవి వణికింది. గొంతు కదిలింది. తుడవడానికి నేను తువ్వాలు ఎత్తాను.

"ఛీ" అన్నాడు.

జారలేదు, నానలేదు. హాలు చివరి వరస దాకా పోయే ఛీ. మా అత్తగారు గుమ్మం దాకా వెళ్ళినదల్లా అక్కడే నిలబడిపోయింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

గళ్ళలో నాలుకలు ఒక్కొక్కటే లోపలికి పోయాయి. తరవాత ఊపిరి సార్ చప్పట్లు కొట్టాడు. "చూశారా! కడుపులోంచి వచ్చింది! నేను చెప్పలేదూ, వార్మప్ చేస్తే..."

బాబాయి చెయ్యి చాచాడు. ఎడమచెయ్యే. మందుసీసాల మధ్య తడుముకుంటూ వెళ్ళి, ఆ ఫోన్ని మెల్లగా వెల్లకిలా పడుకోబెట్టాడు. ఇప్పుడు వాళ్ళందరికీ మా ఇంటి ఫ్యాను కనబడుతుంటుంది.

తరవాత నా వైపు తిరిగి, ఎవరూ చెప్పకుండానే, ఆ వంకర నాలుక గడ్డం దాకా బయటపెట్టాడు. నేనూ పెట్టాను.